ముడి మంచి కాలి వైపు

టాడ్‌మోర్డెన్‌లో మా బడి ముందర,
జనవరి, ఎనిమిదీ నలభై.
రోడ్డు మీద కంటికానని మంచు,
తారులాగే నటిస్తూ.
పిల్లల్ని రోడ్డు దాటించే మేవిసమ్మ
గుండ్రటి పలక ఎత్తి కార్లన్నిటినీ ఆపింది.
తన కాలినే ఆపలేకపోయింది.

చప్పుడు నాకు వంటగది తలుపు దగ్గర వినబడింది,
ఎండిన కందికట్టె విరిచినట్టు.
బంగాళాదుంపల బుట్ట ఎక్కడ దించానో గుర్తులేదు.

నవంబరులో ఒక్కరోజు శిక్షణకి పంపారు నన్ను.
రబ్బరు బొమ్మ కాలికి కట్టు కట్టి
సర్టిఫికెట్టు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను.
రబ్బరు బొమ్మ మూలగదు.
రబ్బరు బొమ్మ
"అయ్యో, పిల్లలకి గంట కొట్టేస్తారే" అని బాధపడదు.

మోకాలి కింద కాలు
తనది కాని దిక్కు చూస్తోంది.
ఎవరి తండ్రో, ఓవెన్ అట, మంచివాడే,
వంగి "లాగి సరిచేద్దామా" అన్నాడు.
వద్దని అరిచాను.
ఏ భాషలో అరిచానో అతనికే తెలియాలి.

నా కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు.
తొమ్మిదేళ్లప్పుడు సీతాఫలం చెట్టు మీంచి పడితే
పుత్తూరు పోయేదాకా ఆగలేక
మేనమామ లాగాడు, ప్రేమతోనే.
తర్వాత ఆకుపసరూ గుడ్డుసొనా వెదురుబద్దలూ
అన్నీ వచ్చాయి.
ఆ లాగుడు మాత్రం ఎముకలోనే కాపురం పెట్టింది.

ఎట్లా పడి ఉందో అట్లాగే ఉండనీ.
మొదటి వైద్యం చెయ్యకపోవడం.
చేతులు ఊరుకోవు, అదే కష్టం.

అంబులెన్సు యాభై నిమిషాలన్నారు,
కాసేపటికి గంటా పది అన్నారు.
ఫోనులో ఒక అమ్మాయి గొంతు:
రక్తం ఉందా, చర్మం చీలిందా, వేళ్లు చూడు.
బూటు జారినప్పుడే ఊడిపోయింది.
వంటగది కత్తెరతో మేజోడు కత్తిరించాను.
బొటనవేలు నొక్కితే తెల్లబడి,
మళ్లీ ఎర్రబడింది.
నాకప్పుడు ఊపిరి వచ్చింది.

బద్దకి ఏముంది ఇక్కడ?
మంచి కాలే చెడ్డ కాలికి బద్ద.
మంచిదాన్ని మెల్లగా
చెడ్డదాని పక్కకి జరపాలి.
చెడ్డదాన్ని లాక్కొచ్చి
మంచిదాని పక్కన పెట్టకూడదు.
ఓవెన్‌కి పని దొరికింది:
పైనా కిందా పట్టుకో, కదలనివ్వకు.
అతని చేతులు వణికాయి గాని వదల్లేదు.

"మఫ్లర్లు ఇవ్వండిరా" అన్నాను.
పదకొండు వచ్చాయి.
నాకు కావలసినవి నాలుగు.
నక్కబొమ్మలది,
ఎవరి నాయనమ్మో అల్లింది, పోగులు ఊడిపోతున్నది,
ఓడిపోతూనే ఉండే ఫుట్‌బాల్ జట్టుది,
ముక్కు తుడుచుకున్నది ఒకటి.
కాళ్ల మధ్య నా ఏప్రన్ మడత మెత్తగా.
ముందు పాదాలకి ఎనిమిది అంకెలాగా,
తర్వాత మోకాళ్లకి,
విరిగినదానికి పైన ఒకటి, కింద ఒకటి.
విరిగినచోట ఏమీ వద్దు.
ముడి ఎప్పుడూ మంచి కాలి వైపు.
ఒత్తిడి ఓర్చుకునే ఓపిక దానికే ఉంది.

ఎదురింటావిడ టీ తెచ్చింది,
పాలు, రెండు చెంచాల చక్కెర.
ఈ దేశంలో ఏ దుఃఖానికైనా
ముందు పట్టించేది అదే.
వద్దన్నాను.
ఆపరేషను చెయ్యాలంటారేమో, కడుపు ఖాళీగా ఉండాలి.
అందరూ నన్ను రాక్షసిలా చూశారు.
అప్పటిదాకా ఏడవని మేవిసమ్మ
ఆ కప్పు వెనక్కి పోతుంటే కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒంటి మీద ఎవరెవరివో కోట్లు.
పది నిమిషాలకోసారి బొటనవేలు నొక్కుతూ నేను.
పడుకునే ఆమె పిల్లల్ని దాటించింది,
"ముందు కుడివైపు చూడు, జాకబ్, కుడి!"
హెడ్‌మాస్టరు పలక పట్టుకున్నాడు,
తలకిందులుగా.

అంబులెన్సు అతను ముడులు చూశాడు.
విప్పలేదు.
అంతే, ఒక మాట కూడా అనలేదు.
విప్పలేదన్నదే నేను ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

మఫ్లర్లు ఆమెతోపాటే ఆసుపత్రికి పోయాయి.
మూడున్నరకి నలుగురు పిల్లలు
కాలర్లు పైకి లాక్కొని ఇంటికి నడిచారు.
మధ్యాహ్నం బంగాళాదుంపలు సరిగా ఉడకలేదు.
మోచెయ్యి రాత్రంతా సలిపింది.